పుత్రికలు కలరు

జనవరి 9, మంగళవారం

హైదరాబాదు నుంచి పాప పుస్తకం వచ్చింది. ఇంకా పుస్తకం కాదు, అచ్చుకి ముందు ఒకసారి చూసుకోమని పంపే కాగితాల కట్ట. గార్డు పైకి తెచ్చి ఇచ్చాడు. ఆయన కత్తెరతో విప్పారు. పైన ఉత్తరం ఉంది. మీ అమ్మాయి పోయిన సంగతి తెలిసి మా ఆఫీసంతా బాధపడ్డాం, పుస్తకం మాత్రం ఆపదలుచుకోలేదు, పెళ్ళి కాని అమ్మాయి గనక హక్కు తల్లిదండ్రులది, ఇద్దరూ సంతకాలు పెట్టి పంపండి అని.

ఇద్దరూ అన్న చోట ఆయన ఆగి నా వంక చూశారు.

పదకొండు దాటినా మంచు విడలేదు. ఎదురు బ్లాకు లేనట్టే ఉంది.

జనవరి 10

ఈ నోటుబుక్కు పాపదే. ఢిల్లీలోనే మునిర్కాలో దాని అద్దె గది ఖాళీ చేసినప్పుడు తెచ్చిన సామాన్లలో ఉంది. మొదటి రెండు పేజీల్లో ఇంగ్లీషులో ఏదో రాసుకుంది. అవి చింపలేదు. మూడో పేజీ నుంచి నేను.

నేను చదివింది ఆరో తరగతి. తప్పులుంటాయి. దిద్దే మనిషి పోయింది.

జనవరి 12, శుక్రవారం

ఆయన మూడు రోజులుగా చదువుతున్నారు. ఇవాళ టిఫిన్ దగ్గర కాగితాలు బల్ల మీద కొట్టారు.

"చూశావా నీ కూతురు ఏం రాసిందో?"

కోపం వస్తే నా కూతురు. పీహెచ్‌డీ వచ్చినప్పుడు ఆయన కూతురు.

"ఏం రాసింది?"

"నాలుగో అధ్యాయం నిండా మా తాతగారే. ఊరికి బడి కట్టించిన మనిషిని బజారుకీడ్చింది."

"ఇంకో ఇడ్లీ వేయనా?"

"నీకు ఇడ్లీయే!" అని లేచి వెళ్ళిపోయారు. చేయి కూడా కడుక్కోలేదు.

తాతగారంటే కోటయ్యగారు. నేను కాపరానికొచ్చేటప్పటికే ఆయన లేరు. ఆయన వేయించిన వంశచరిత్ర మా అద్దాల బీరువాలో ఈయన రిటైర్మెంట్ మెమెంటో పక్కనే ఉంటుంది. దుమ్ము దులపడం తప్ప నేనది విప్పి ఎరగను.

జనవరి 15

ఇవాళ పండగ. చేయలేదు.

జనవరి 16, మంగళవారం

ఆయన పార్కుకి వెళ్ళాక ఆ కాగితాలు తీశాను. నాలుగో అధ్యాయం వెతుక్కోవడానికే చాలాసేపు పట్టింది. వేలు పెట్టుకుని చదవాలి నాకు. గంటకి నాలుగు పేజీలు.

పాప తెలుగులోనే రాసింది. ఢిల్లీలో పుట్టి పెరిగి, ఇక్కడి తెలుగు బళ్ళో నేర్చుకున్న తెలుగు. అంత తంటా ఎందుకే, ఇంగ్లీషులో రాసుకోవచ్చు కదా అంటే "నువ్వు చదవాలిగా అమ్మా" అనేది. నేను నవ్వేదాన్ని.

వంశచరిత్రలోంచి ఒక ముక్క ఎత్తి రాసింది. చూసి రాస్తున్నాను, ఇలాంటి మాటలు నాకు రావు.

"రామలింగముగారు సత్యసంధులు, వ్యవసాయ దక్షులు. వీరికి సుబ్బారాయుడు, కోటయ్య, కనకయ్య యను పుత్రులు మువ్వురు. పుత్రికలు కలరు."

దాని కింద పాప ఇలా రాసింది: "ఈ పుస్తకంలో మూడు వందల పన్నెండు మంది మగవాళ్ళ పేర్లున్నాయి. పందెం గెలిచిన ఒక ఎద్దు పేరుంది. ఆడవాళ్ళ పేర్లు తొమ్మిది. ఆ తొమ్మండుగురూ గుడికో సత్రానికో భూమి రాసిచ్చినవాళ్ళు. ఇవ్వడానికి ఏమీ లేని ఆడవాళ్ళు 'కలరు'. ఎంతమంది, ఎవరు, ఏమయ్యారు, లేదు. ఊళ్ళో దోమలు కలవు అన్నట్టు. రాసిన కోటయ్యగారికి ఆ పుత్రికలు స్వయానా అక్కచెల్లెళ్ళు."

దోమల దగ్గర నాకు నవ్వొచ్చింది. పైకే నవ్వాను. ఆ పిల్ల మాటలు అచ్చం అలాగే ఉండేవి. తర్వాత ఇంట్లో ఎవరూ నవ్వలేదు కనక ఆపేశాను.

జనవరి 19, శుక్రవారం

డెత్ సర్టిఫికెట్ దిద్దించడానికి నన్నూ తీసుకెళ్ళారు. అఫిడవిట్ మీద నా వేలిముద్రో సంతకమో కావాలట. సంతకం వచ్చు అన్నాను.

కిటికీ వెనకాల అతను కళ్ళద్దాలు పైకి తోసుకుని, "అంకల్‌జీ, సదాశివరావ్ ఆప్ హై? మరి ఇందులో చనిపోయినవారి పేరు పాపా అని ఉందేంటి? పాపా అయితే మీరు కదా?" అన్నాడు. లైనులో ఎవరో కిసుక్కుమన్నారు. అతను చెడ్డవాడు కాదు. నిజంగానే అర్థం కాలేదు పాపం.

నవంబరులో పాప జ్వరంతో ఇంటికొచ్చింది. ఆయన ఆ రోజు ఊళ్ళో లేరు, తమ్ముడి షష్టిపూర్తికి ఏలూరు వెళ్ళారు. ఆసుపత్రిలో నేనొక్కదాన్నే. నామ్ బోలో, నామ్ బోలో అంటున్నారు. పాప అన్నాను. అదే ఎక్కించుకున్నారు. డెంగ్యూ. రెండో రోజుకి ప్లేట్లెట్లు పడిపోయాయి. ఆయన విమానం దిగేసరికే అయిపోయింది. అదే పేరు మీద కాగితం ఇచ్చారు.

"ఆంటీజీ, బేటీ కా నామ్ బోలియే," అన్నాడు అతను.

నోరు తెరిచాను. రాలేదు. ఆయనే చెప్పారు.

దారిలో మెట్రోలో అన్నారు, "నోట్లో ఏం పెట్టుకుంటావు? ముప్ఫై నాలుగేళ్ళ పిల్ల పేరు చెప్పలేవా?"

మీరూ మీ అమ్మగారూ కలిసి పెట్టిన పేరే కదా అనలేదు. సీటు దొరికింది, కూర్చున్నాను.

జనవరి 24, బుధవారం

ఇంకో ఆరు పేజీలు చదివాను. అందులో నేనున్నాను.

"నాకు నానమ్మ జానకీదేవి పేరు పెట్టారు. కోడలు అత్తగారి పేరు నోటితో ఎత్తకూడదు. అందువల్ల మా అమ్మ నన్ను కన్నది గానీ ఒక్కసారైనా పేరు పెట్టి పిలవలేదు. పాప అనేది. పాత పుస్తకాల్లో ఆడవాళ్ళ పేర్లు లేకపోవడానికి కారణం రాసినవాళ్ళ చిన్నచూపు ఒక్కటే కాదు. ఇంట్లో పలకని పేరు పుస్తకంలోకి ఎలా ఎక్కుతుంది?"

ఇక అత్తగారి సంగతి కూడా రాసింది. ఆవిడ చక్కగా రాసేవారు, ముత్యాల్లాంటి అక్షరాలు. కొత్త కోడలుగా ఉన్నప్పుడు కోటయ్యగారి వంశచరిత్రకి సాపు ప్రతి రాసింది ఆవిడేనట. ముసలమ్మలందరినీ అడిగి ఆడపిల్లల పేర్లన్నీ కూడా రాశారట. కోటయ్యగారు చదివి అవన్నీ కొట్టేసి పైన "పుత్రికలు కలరు" అని రాశారట. కొట్టేసిన ఆ కాగితాలు అత్తగారు పారేయలేదు. తన ట్రంకు పెట్టెలో దాచుకున్నారు. పాపకి ఎనిమిదో ఏట చెప్పారట.

తర్వాత పాప ఇలా రాసింది: "నానమ్మ పోయాక ఆ రాతప్రతి పోయింది. మా అమ్మకి చదువు తక్కువ. అవి ఏం కాగితాలో ఆమెకి తెలిసే అవకాశం లేదు."

అవును, ఆ కాగితాలు ఏమయ్యాయో నాకు తెలీదు. అత్తగారు దేవత. మా మధ్య ఏ రోజూ ఒక మాట లేదు. ఎవరినడిగినా చెప్తారు.

జనవరి 25

ఎవరినడుగుతారు? అందరూ పోయారు.

ఫిబ్రవరి 2, శుక్రవారం

ఆయన ఉత్తరం రాశారు. నాలుగో అధ్యాయం తీసేసి మిగతాది వేసుకోవడానికి మా ఇద్దరికీ సమ్మతమే అని. కింద ఆయన సంతకం, పక్కన నాకు జాగా.

"పెట్టు."

"చదివి పెడతాను."

"నువ్వు చదివేసరికి ఉగాది వస్తుంది."

"రానీండి."

ఆయన నన్ను కొత్తగా చూశారు. ఉత్తరం ఫ్రిజ్ మీద, చెంచాల డబ్బా కింద పెట్టి వెళ్ళారు. రోజుకి పదిసార్లు ఫ్రిజ్ తీస్తాను.

ఫిబ్రవరి 5

బాత్రూంలో కుళాయి తిప్పి ఏడుస్తున్నారు. మోటారు మళ్ళీ వేయాలి.

ఫిబ్రవరి 8, గురువారం

బీ బ్లాకు హైమవతిగారు వచ్చారు. వాళ్ళ అమ్మాయికి గురుగ్రామ్‌లో ప్రమోషనట. చెప్పాక నాలిక్కరుచుకుని, "మీ దగ్గర చెప్పకూడదేమో" అన్నారు.

"చెప్పండి, ఏం పరవాలేదు."

"అయినా వదినగారూ, మీ అమ్మాయి ఎప్పుడూ పాత కాగితాలూ పాత కాగితాలూ అని తిరిగేది. పెళ్ళి చేసి ఉంటే ఓ మనవరాలైనా మిగిలేది."

టీలో పంచదార వేయడం మర్చిపోయాను. ఆవిడా అనలేదు, తాగేశారు.

పాత కాగితాల కోసం నన్నూ అడిగింది పాప. పోయిన జూనులో, ఇక్కడే, కూర తరుగుతూ. "అమ్మా, నానమ్మ పెట్టెలో కాగితాలు నువ్వు చూశావా? బాగా గుర్తు తెచ్చుకో." నేను కయ్యిమన్నాను. చచ్చినవాళ్ళ చరిత్రలు నీకెందుకు, నీ బతుకు చూసుకో అన్నాను. మళ్ళీ అడగలేదు. తర్వాత కూడా మాట్లాడుకుంటూనే ఉన్నాం. తిన్నావా అంటే తిన్నాను అనేది.

ఫిబ్రవరి 13, మంగళవారం

ఆయన ఫోను ఛార్జింగుకి పెట్టి పార్కుకి వెళ్ళారు. మోగింది. ఎత్తాను.

"అమ్మా, నమస్తే. నేను మైథిలిని, హైదరాబాదు నుంచి. పుస్తకం చూసేది నేనే."

"ఆయన బయటికెళ్ళారమ్మా."

"పరవాలేదమ్మా, మీతోనే మాట్లాడదామని. నాలుగో అధ్యాయం తీసేస్తేనే సంతకం పెడతానని సార్ ఫోన్లో చెప్పారు. మీరేమంటారు?"

"ఆయనెలా అంటే అలాగే."

"అది సరేనమ్మా. మీరేమంటారు అని అడుగుతున్నాను."

పొయ్యి మీద కూర మాడిపోతోందని పెట్టేశాను. పొయ్యి మీద ఏమీ లేదు.

ఫిబ్రవరి 14

మీరేమంటారు.

ఫిబ్రవరి 20, మంగళవారం

జనవరి ఇరవై నాలుగో తారీకున రాసింది అబద్ధం. నాకోసం నేను రాసుకునే దాంట్లో కూడా అబద్ధం రాశాను. కొట్టేయను. ఉండనీ.

అప్పట్లో సరోజినీ నగర్ క్వార్టర్లో ఉండేవాళ్ళం. పాపకి రెండేళ్ళు. తెలుగు సంఘంలో ఒక టీచరుగారు ఆడవాళ్ళ చేత పదో తరగతి ప్రైవేటుగా కట్టించేవారు. నేనూ పేరిచ్చాను. పుస్తకాలు తెచ్చుకున్నాను, కొత్త అట్టలు వేసుకున్నాను. అత్తగారు వాటిని చూసి ఏమీ అరవలేదు. ఆవిడ అరిచే మనిషి కాదు. మెల్లిగా అన్నారు, "ఇంట్లో రాసే ఆడది ఒక్కతె చాలమ్మాయ్."

మర్నాడు పాత కాగితాలు కొనే కబాడీవాలా వచ్చి వెళ్ళాక నా పుస్తకాలు లేవు.

ఎనిమిదేళ్ళ పాటు ఆవిడ బల్ల ముందు కూర్చుని రాసుకుంటుంటే వెనక నుంచి కాఫీ అందించాను. ఒక్కసారైనా తిరిగి చూడలేదు. కోటయ్యగారు ఆవిడ రాసింది కొట్టేశారు. ఆవిడ నన్ను కొట్టేశారు. ఇవాళ రాస్తుంటే తోస్తోంది గానీ అప్పుడేం తోచింది? మంట ఒక్కటే.

తొంభై తొమ్మిది జనవరిలో పోయారు. పన్నెండో రోజు అయ్యాక ఆయన అన్నారు, అమ్మ పెట్టె చూసి పనికిరానివి తీసెయ్ అని. పెట్టె విప్పాను. అడుగున గుడ్డలో చుట్టి ఉన్నాయి. చదివాను. గంటకి నాలుగు పేజీలే అయినా చదివాను. రామలింగంగారి ఆడపిల్లలు అయిదుగురు, ఒక్కో పేరు మీద ఎర్ర సిరా గీత. గీత కింద నుంచి పేరు తెలుస్తూనే ఉంది.

బాల్కనీలో అంగీఠీ, అదే బొగ్గుల కుంపటి, మండుతోంది. ఒక్కొక్క కాగితం వేశాను. చలి కాచుకున్నాను కూడా.

పాప బడి నుంచి వచ్చి పక్కన కూర్చుని చేతులు చాపింది. ఏం కాలుస్తున్నావమ్మా అంది. చెత్త అన్నాను.

అది ఆ సంగతి మర్చిపోయిందో, గుర్తుండే నన్ను కాపాడ్డానికి అలా రాసిందో తెలీదు. చదువు తక్కువ, తెలిసే అవకాశం లేదు. ఆ మాట చదివినప్పటి నుంచి అన్నం సహించడం లేదు. నా బిడ్డ నన్ను వెనకేసుకొచ్చి రాసిన ముక్క అచ్చులో అబద్ధమై కూర్చుంటుంది.

ఫిబ్రవరి 21

నాలుగు పేర్లు గుర్తు చేసుకున్నాను. కాదు, మూడు.

ఫిబ్రవరి 27, మంగళవారం

ఆయనకి చెప్పేశాను. పేపరు చదువుతున్నారు. ఉత్తరం మీద సంతకం పెట్టనని ముందు చెప్పి, ఆ తర్వాత అంగీఠీ సంగతి చెప్పాను.

ఆయన పేపరు దించలేదు. దాని వెనక నుంచే అన్నారు, "మా అమ్మ చేతిరాత. ఒక్క ముక్క లేదు నా దగ్గర."

"తెలుసు."

"పనికిరానివి తీసెయ్ అన్నాను. కాల్చమన్నానా?"

"అనలేదు."

"మా తాతగారు కొట్టేశారని మీ తల్లీకూతుళ్ళకి కోపం. ఆయన గీత గీశాడంతే. చదవడానికి మిగిల్చాడు. నువ్వు అదీ మిగల్చలేదు. ఆయనకంటే నువ్వే ఘనురాలివి."

దెప్పడానికే అన్నారు. కానీ తూచినట్టు నిజం. నాకేం కోపం రాలేదు.

"అదే వేయమంటాను," అన్నాను.

"ఏది?"

"మీరన్నదే. అధ్యాయం ఉంచి, అందులో నా గురించి ఉన్న అబద్ధం తీసేసి, నేను చేసింది వేయమంటాను. మీ తాతగారొక్కరే ఎందుకు, పక్కన నేనూ నిలబడతాను."

"నేను సంతకం పెట్టకపోతే?"

"అప్పుడు పుస్తకమే రాదు. రేపు మీ తమ్ముడి పిల్లలు ఎవరైనా వంశచరిత్ర రాస్తే సదాశివరావుగారికి పుత్రిక కలదు అని వేస్తారు. జానకీదేవికి అదే మిగుల్తుంది."

అనేశాక గాని తెలియలేదు, ఆయన పేరూ ఆ పేరూ రెండూ నా నోటి వెంట వచ్చేశాయని. ఆయన పేపరు దించారు.

"ఎవరికి? అమ్మకా, పాపకా?"

"ఇద్దరికీను."

లేచి చెప్పులేసుకుని బయటికెళ్ళారు. పాలు తెచ్చారు. పాలు పొద్దున్నే తెచ్చారు, మళ్ళీ తెచ్చారు.

ఫిబ్రవరి 29

పప్పులో ఉప్పు ఎక్కువైనా తినేశారు.

మార్చి 5, మంగళవారం

బల్ల మీద కొత్త ఉత్తరం. "పుస్తకము యథాతథముగా ప్రచురించుటకు" అని ఆఫీసు తెలుగులో. ఆయన సంతకం కింద తారీకు నిన్నటిది. పెన్ను మూత తీసి ఉంది. ఇంకు ఆరిపోతుందని ఎప్పుడూ మూత పెట్టేసే మనిషి.

నేను యథాతథముగా అన్న మాట కొట్టేసి "తల్లి చెప్పిన దిద్దుబాటుతో" అని పైన రాశాను. తప్పుల్లేకుండా రాయడానికి మూడుసార్లు చిత్తు రాసుకున్నాను. సంతకం పెట్టాను. ఇంద్రాణి.

ఆయన చూసి, "దిద్దుబాటులో ద్దు కింద ఒత్తు సరిగ్గా పడలేదు" అన్నారు. అంతే.

మార్చి 11, సోమవారం

మైథిలిగారికి నేనే ఫోను చేశాను. నంబరు ఆయన కలిపి ఇచ్చి, అక్కడే సోఫాలో కూర్చున్నారు. అంగీఠీ సంగతంతా చెప్పాను. మధ్యలో ఉన్నారా అని రెండుసార్లు అడిగాను.

"ఉన్నానమ్మా. రాసుకుంటున్నాను. పేర్లేమైనా గుర్తున్నాయా?"

"మూడున్నాయి. వీరరాఘవమ్మ, మాణిక్యమ్మ, బంగారమ్మ."

"చిట్టెమ్మ," అన్నారు ఆయన సోఫాలోంచి. "తాతగారి ఆఖరి చెల్లెలు. మా ఇంటికొచ్చేది. చెవులు వినపడేవి కావు. ఎప్పుడూ రేగుపళ్ళు తెచ్చేది. ఆవిడ పేరు చిట్టెమ్మ."

నలభై ఏళ్ళ కాపురంలో ఆయన నోట ఆవిడ మాట వినడం ఇదే మొదలు. చిట్టెమ్మ అని నేను ఫోన్లో చెప్పాను.

"అయిదో ఆవిడ?"

ఆయన వంక చూశాను. తల అడ్డంగా ఊపారు. నాకు ఆ కాగితం కళ్ళకి కడుతోంది. పేరు మీద ఎర్ర గీత కనపడుతోంది, మొదట్లో తలకట్టు కూడా కనపడుతోంది, అక్షరం మాత్రం రావడం లేదు. మొహమాటానికి ఏదో ఒక పేరు చెప్పేద్దామా అని కూడా అనిపించింది. ఎవరికి తెలుస్తుంది?

"రావడం లేదమ్మా," అన్నాను. "అది చదివిన ఆఖరి మనిషిని నేనే. కాల్చిందీ నేనే. అలాగే వేయండి."

"మీ పేరుతోనా?"

"నా పేరుతోనే."

ఆవిడ రాసుకున్నది తిరిగి చదివి వినిపించారు. బాగానే ఉంది. ఒక్క చోట "మా అమ్మ ఇంద్రాణి తెలియక కాల్చివేసింది" అని ఉంది. తెలియక అని నేను చెప్పలేదు. జాలిపడి కలిపారు కాబోలు.

ఆ మాట తీసేయించాను.